నిలబడ్డ పది నిమిషాలు

నిన్ననే రిపోర్టు చేతికొచ్చింది: నాకున్నది పాట్స్ (POTS), అంటే లేచి నిలబడగానే గుండె వేగం బాగా పెరిగిపోయే సమస్య. ఏడు నెలలుగా లేచి నిలబడితే చాలు, గుండె దడ, కళ్లు మసకలు. పడుకుంటే ఏమీ ఉండదు.

రక్తపరీక్షలు, థైరాయిడ్, ఈసీజీ రెండు రోజుల్లో అయిపోయాయి. అన్నీ నార్మల్.

నన్ను నలిపేసింది మొదటి డాక్టరు గది. చేతులు చాపమన్నాడు, చాపాను. అటూ ఇటూ నడవమన్నాడు, నడిచాను. అది చూసి, నాతో కాదు, పక్కనున్న మా అన్నయ్యతో అన్నాడు: "మనిషి శుభ్రంగా ఉంది. ఇదంతా టెన్షన్. ఏదైనా పనిలో పెట్టండి, అదే సర్దుకుంటుంది." దడ గురించి చెప్పబోతే చెయ్యెత్తి ఆపాడు. పల్స్ పట్టుకుని చూడనైనా లేదు. నేను నడుస్తున్నంతసేపూ గుండె చప్పుడు చెవుల్లో వినబడుతూనే ఉంది. అక్కడే కుప్పకూలి ఉంటే నమ్మేవాడేమో. ఆ రోజు నుంచి ఇంట్లో ఏం చెప్పినా అన్నయ్యది ఒకటే మాట: "డాక్టరే చెప్పాడుగా." ఎవరూ చూడకుండా గోడకు ఆనుకునేదాన్ని.

రెండో డాక్టరు నన్ను పది నిమిషాలు పడుకోబెట్టింది. పల్స్ 74. తర్వాత కదలకుండా నిలబడమంది. రెండో నిమిషానికి 104, ఐదో నిమిషానికి 118, ఎనిమిదికి 126. బీపీ మాత్రం పడలేదు. నేను కిటికీ వైపు చూస్తూ మామూలుగానే నిలబడ్డాను. అన్నయ్య ఒకసారి నా ముఖం, ఒకసారి మానిటర్ చూస్తున్నాడు.

ఎవరు లేచి నిలబడినా అర లీటరుకు పైగా రక్తం కాళ్లలోకి, పొట్టలోకి దిగుతుందట. రక్తనాళాలు బిగుసుకుని దాన్ని పైకి పంపాలి. నాకు ఆ బిగువు చాలక, ఆ లోటును గుండె వేగంగా కొట్టుకుని పూడుస్తోంది. బీపీ పడకుండా, పది నిమిషాల్లోపు పల్స్ 30 లేదా అంతకు మించి పెరిగి, ఈ బాధ కనీసం మూడు నెలలుగా ఉంటే పాట్స్ అంటారు. టీనేజీ పిల్లలకు ఆ లెక్క 40. ఈసీజీ పడుకోబెట్టి తీస్తారు, అందుకే దొరకలేదు.

మీకూ ఇలా ఉంటే, నిలబెట్టి పల్స్ చూడమని పట్టుబట్టండి. మీ ఒంటి సంగతి పక్కవాళ్లతో మాట్లాడే డాక్టరు దగ్గరికి రెండోసారి వెళ్లకండి.

బయటికొచ్చేటప్పుడు అన్నయ్య ఏమీ మాట్లాడలేదు. మందుల కౌంటర్ దగ్గర క్యూ చూసి, ఎక్కడి నుంచో ఒక కుర్చీ తెచ్చి నాకు వేసి, తను వెళ్లి లైన్లో నిలబడ్డాడు.