గింజ తూకం

బెంగళూరు పీణ్యలో మా మిషన్ షాపులో కొత్తగా చేరే కుర్రాళ్లు, నేను మూడేళ్లు అమెరికాలో పనిచేసి వచ్చానని తెలియగానే జీతం సంగతి కంటే ముందు అడిగేది ఒకటే: "అన్నా, అక్కడ అందరి దగ్గరా గన్నులుంటాయంట కదా, నువ్వు కాల్చినావా?" కాల్చలేదు. ఒక్కసారి కూడా చేత్తో ముట్టుకోలేదు. కానీ రెండు చలికాలాలు ఒక పెద్దాయన ఇంటి బేస్‌మెంట్‌లో కూర్చుని ఆయన తూటాలు తయారు చేసుకుంటుంటే చూశాను. ఇంట్లో, తన బల్ల మీద, తన చేతులతో. ఆ మాట చెప్తే నమ్మరు. అందుకే ఒకసారి వివరంగా రాద్దామని కూర్చున్నా.

మాది ప్రొద్దుటూరు. నాన్నది బంగారు పని, బజారు వెనక చిన్న గదిలో కుంపటి ముందు నలభై ఏళ్లు కూర్చున్నాడు. నేను ఆ పని నేర్చుకోలేదు. డిప్లొమా చదివి 2009లో బెంగళూరొచ్చి, దాసరహళ్లిలో నలుగురం తెలుగువాళ్లం ఒకే గదిలో ఉంటూ, కంప్యూటర్‌తో నడిచే సీఎన్‌సీ మిషన్ మీద చేరాను. నా ప్రవాసం అక్కడే మొదలైంది, విమానం ఎక్కినప్పుడు కాదు. తర్వాత ఇన్‌స్పెక్షన్‌కి మారాను, మైక్రోమీటరూ గేజిలూ నా లోకం అయిపోయాయి. 2018లో కంపెనీ వాళ్లు ఒహాయోలో ఉన్న తమ ప్లాంటుకి పంపించారు.

అక్కడ మొదటి నవంబరులో నాకర్థం కానిది ఒకటి జరిగింది. థ్యాంక్స్‌గివింగ్ అయిపోయాక సోమవారం డ్యూటీకి వెళ్తే షాపు సగం ఖాళీ. మన దగ్గర సంక్రాంతికి ఊళ్లకు పోయినట్టు పోయారు. అడిగితే, ఆ రోజు నుంచి జింకల వేటకు తుపాకి సీజన్ మొదలట, ఏటా అంతేనట. వారం తర్వాత తిరిగొచ్చినవాళ్లు పొట్లాల్లో జింక మాంసం తెచ్చి పంచుతున్నారు, నాకూ ఒకటిచ్చారు. ఇచ్చినాయన మా టూల్‌రూమ్ పెద్దాయన. అరవై దాటిన మనిషి, సార్ అని పిలిస్తే ఒప్పుకునేవాడు కాదు.

తుపాకులంటే నాకున్న భయం సినిమాల వల్ల వచ్చింది కాదు. తొంభైల్లో కడప జిల్లాలో పెరిగినవాడికి ఫ్యాక్షన్ అంటే పేపర్లో చదివే వార్త కాదు. మా వీధి చివర ఒకాయనకు కుడిచేతికి రెండే వేళ్లుండేవి. పల్లెలో నాటుబాంబులు చుడుతుంటే ఒకటి చేతిలోనే పేలిందని పెద్దవాళ్లు గొంతు తగ్గించి చెప్పుకునేవారు. ఆ రెండు వేళ్లతో ఆయన బీడీ పట్టుకోవడం నేను రోజూ చూసేవాణ్ణి. ఇంట్లో పేలుడు మందుతో చేసే పని ఏదైనా నాకు ఆ చెయ్యే గుర్తుకొస్తుంది. కాబట్టి పెద్దాయన "శనివారం మా ఇంటికి రా, నా రీలోడింగ్ బెంచ్ చూపిస్తా" అన్నప్పుడు ఏదో పని ఉందని రెండుసార్లు తప్పించుకున్నాను. మూడోసారి కుదరలేదు.

వెళ్లేముందు ఒక విషయం తెలుసుకుని వెళ్లాను, అమెరికా వెళ్లే మన పిల్లలందరికీ ఇది చెప్పాలి. ఎల్-1, హెచ్-1బి లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకి గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోవడం అక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. వేట లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి గానీ, మనవాళ్లలో ఎంతమంది అవి చూసుకుంటారు? లాస్ వేగస్ ట్రిప్పుకి పోయి షూటింగ్ రేంజ్‌లో మిషన్ గన్ పట్టుకుని ఫోటో దిగి స్టేటస్ పెడతారు. గ్రీన్ కార్డు లైన్లో ఏళ్ల తరబడి నిలబడేవాడు ఆ ఒక్క ఫోటో కోసం అంత రిస్కు తీసుకోవడం చూస్తే నాకు కడుపు మండుతుంది. పెద్దాయనకు నా వీసా సంగతి చెప్పాను. "అయితే చేతులు వెనక్కి కట్టుకుని చూడు" అన్నాడు. రెండేళ్లూ అలాగే చూశాను.

బేస్‌మెంట్‌లో మందమైన చెక్కబల్ల, దానికి బోల్టులతో బిగించిన చిన్న ఇనుప ప్రెస్. మన షాపుల్లో ఉండే, చేత్తో నొక్కే ఆర్బర్ ప్రెస్‌కి తమ్ముడిలా ఉంది. బల్ల మీద ఇంకేమీ లేదు. ఫోన్ పైన వదిలేసి రావాలి, టీవీ లేదు, కాఫీ కప్పు కూడా కిందికి తేనివ్వడు.

మనం తూటా అన్నా బుల్లెట్ అన్నా అంతా ఒకటే వస్తువనుకుంటాం. అందులో నాలుగు ఉంటాయి: ఇత్తడి కేసు, దాని అడుగున నిప్పు పుట్టించే ప్రైమర్, లోపల మందు, మూతి దగ్గర గుండు. కాల్చినప్పుడు గుండు పోతుంది, మందు కాలిపోతుంది, ప్రైమర్ పనైపోతుంది. ఖరీదైన ఇత్తడి మాత్రం మిగులుతుంది. వీళ్లు ఆ ఇత్తడిని ఏరుకుని తెచ్చి, శుభ్రం చేసి, ప్రెస్‌లో డై అనే అచ్చు పెట్టి మళ్లీ కొలతకు తెచ్చి, మిగతా మూడూ కొత్తవి వేసుకుంటారు. సొంత వాడకానికైతే అక్కడ ఫెడరల్ లైసెన్స్ అక్కర్లేదు, అమ్మకానికి చేస్తే మాత్రం కావాలి. డబ్బు మిగులుతుందా అని అడిగితే, మిగలదు, అదే డబ్బుతో ఎక్కువ కాలుస్తాం అన్నాడు. ఆయన చేసేది అందుకు కాదని నాకు రెండో శనివారానికే తెలిసింది. ఒక్కో కేసు పొడవును క్యాలిపర్‌తో అంగుళంలో వెయ్యోవంతు దాకా కొలుస్తున్నాడు. అంటే 25 మైక్రాన్లు. అది నా భాష. ఆ ఇత్తడిలో 70 శాతం రాగి, 30 శాతం జింకు. పదేపదే కాల్చి, నొక్కి, సాగదీస్తే మూతి గట్టిపడి చిట్లుతుంది, అందుకని మూతిని మంటలో కాచి మళ్లీ మెత్తబరుస్తాడు. నాన్న బంగారు తీగను సాగదీసే ముందు కాచేది కూడా ఇందుకే. ఆ మాట చెప్తే పెద్దాయన చేస్తున్న పని ఆపేసి, "మీ నాన్న గురించి ఇంకా చెప్పు" అన్నాడు.

మందు తూచే ముందు ఆయన మెట్లెక్కి వెళ్లి హీటర్ గాలి ఆపొచ్చేవాడు. బయట మంచు, లోపల ఇద్దరం కోట్లు వేసుకుని కూర్చునేవాళ్లం. త్రాసు ముల్లు గాలికి వెంట్రుకవాసి కదిలినా ఒప్పుకోడు. బల్ల మీద ఎప్పుడూ ఒకే రకం మందు డబ్బా ఉండాలి, పని అయ్యేదాకా రెండోది అల్మారా దాటి రాకూడదు, ఎందుకంటే ఒక్కో మందు ఒక్కో వేగంతో మండుతుంది, చూడ్డానికి మాత్రం అన్నీ నల్లటి రవ్వలే. మందు పోసిన కేసుల్ని గుంటల పలకలో వరసగా నిలబెట్టి, గుండ్లు బిగించకముందు టార్చిలైటు వేసి ఒక్కో కేసులోకి తొంగిచూసేవాడు. ఒక దాంట్లో పొరపాటున రెండుసార్లు పడితే తుపాకి మొహం మీదే పగలొచ్చు. అసలు పడకపోతే ఇంకో రకం ప్రమాదం: ప్రైమర్ బలానికి గుండు గొట్టం మధ్య దాకా పోయి ఇరుక్కుంటుంది, కాల్చేవాడు తెలియక మళ్లీ నొక్కితే వెనకొచ్చే గుండుకి గొట్టమే చీలిపోతుంది. ఒక రాత్రి యాభైలో ఒక కేసులో మట్టం కొంచెం తేడాగా అనిపించింది ఆయనకు. నాకేమీ కనిపించలేదు. యాభై కేసుల మందూ వెనక్కి డబ్బాలో పోసేసి, నోటుపుస్తకంలో ఆ తేదీ ఎదురుగా అడ్డగీత గీసి, "ఇవాళ కళ్లు అలసిపోయాయి" అని లైటు తీసేశాడు. ఆ రాత్రి ఇంటికొస్తూ కారులో మా వీధి చివరాయన చెయ్యే గుర్తుకొచ్చింది. ఆయనకి ఇలా లైటు తీసేసి లేవమనే మనిషి పక్కన లేడు కదా అనిపించింది.

తూకం గ్రెయిన్లలో. గ్రెయిన్ అంటే గింజే. ఒక పౌండుకి 7000 గ్రెయిన్లు, ఒక గ్రెయిన్ మన లెక్కలో దాదాపు 65 మిల్లీగ్రాములు. ఆయన వేటకి వాడే తూటా పేరు .45-70. 1873లో అమెరికా సైన్యం తీసుకున్నది, అంగుళంలో నూటికి 45 వంతుల గుండు, అప్పటి నల్లమందు 70 గ్రెయిన్లు. తూకమే దాని పేరు. ఒహాయోలో జింకల వేటకి సన్నమూతి రైఫిల్ తూటాలు పనికిరావు, నిటారుగా ఉండే కేసులకే 2014 నుంచి అనుమతి, అందుకే నూట నలభై ఏళ్ల పాతది మళ్లీ అందరి చేతుల్లోకి వచ్చింది. ఇదంతా ఆయన చెప్తుంటే నేను వేరే లెక్క వేసుకుంటున్నా. 1833లో ఇంగ్లీషువాళ్లు మన తులాన్ని సరిగ్గా 180 గ్రెయిన్లకు ఖాయం చేశారు. నాన్న లెక్కలో తులానికి 96 గురివింద గింజలు. భాగిస్తే ఒక గురివింద గింజ ఒకటీ ముప్పాతిక గ్రెయిన్లు దాటి, రెండుకి కాస్త తక్కువ. ప్రొద్దుటూరులో నాన్న దగ్గరా, ఒహాయోలో ఈయన దగ్గరా తూకం చివరికి గింజ మీదే ఆగింది. కాగితం మీద వేసి చూపించాను. దాన్ని ఆయన బెంచ్ పైన గోడకి పిన్నుతో గుచ్చాడు.

ఆ లోకమంతా ఆయనలా ఉంటుందని మాత్రం చెప్పను. ఆదివారాలు ఆయనతో రేంజ్‌కి వెళ్లి కంచె ఇవతల నిలబడేవాణ్ణి. అక్కడ కొందరి మాటల్లో తుపాకి పనిముట్టుగా కాదు, శత్రువు కోసం ఎదురుచూసేదానిగా వినపడేది. 2020లో కరోనా వచ్చాక జనం ఎగబడి కొనేసరికి ప్రైమర్లు దొరకడం మానేశాయి, దొరికినచోట ధర రెండింతలు మూడింతలు. కొందరు వేలకు వేలు ఇంట్లో దాచుకున్నామని గొప్పగా చెప్పుకునేవారు. ఎక్కడో బడిలో కాల్పులు జరిగాయని వార్త వచ్చిన రోజు షాపులో ఎవరూ దాని గురించి మాట్లాడరు. నేను పెద్దాయనని ఒకసారి నేరుగానే అడిగాను, నీ అంత జాగ్రత్త లేనివాడి చేతికి కూడా ఇంతే సులువుగా దొరకడం న్యాయమా అని. చాలాసేపు ఊరుకుని, తన మనవళ్లు కూడా ఆ బళ్లలోనే చదువుతున్నారన్నాడు. ఇంకేమీ అనలేదు. నేను ఇప్పటికీ ఆ విషయంలో ఆయన పక్షం కాదు. ఆయన మీద గౌరవం మాత్రం ఇసుమంత తగ్గలేదు.

2021లో తిరిగొచ్చేటప్పుడు ఆయన తుడిచి మెరిపించిన ఒక ఖాళీ కేసు జ్ఞాపకంగా ఇవ్వబోయాడు. తీసుకోలేదు. ఖాళీదైనా సరే, ఎయిర్‌పోర్టులో బ్యాగులో బయటపడితే ఇక అంతే. బదులుగా త్రాసు సరిచూసుకునే ఇత్తడి బిళ్లల సెట్టు కొనిచ్చాడు, సీలు కూడా విప్పనిది: 20, 10, 5, 2, 1, అర గ్రెయిన్.

ఇక్కడ లైసెన్సు లేకుండా తూటా తయారీ అంటే 1959 ఆయుధ చట్టం కింద పెద్ద నేరం, 2019 సవరణ తర్వాత ఏడేళ్లకి తగ్గని జైలు, యావజ్జీవం దాకా పోవచ్చు. నాటుబాంబుల మధ్య పెరిగినవాడిగా అది ఉండాల్సిందే అంటాను. మా షాపులోనే కొడగు జిల్లా మడికేరి నుంచి వచ్చిన కొడవ సముదాయపు మిత్రుడున్నాడు. వాళ్లకు తుపాకి లైసెన్సు నుంచి బ్రిటిష్ కాలం నాటి మినహాయింపు ఉంది, సెప్టెంబరులో కైల్‌పోద్ పండగకి తుపాకుల్ని పూజలో పెట్టి తోక్ పూ అనే పువ్వు పెడతారు. వాళ్లింట్లో కూడా తూటా కొనుక్కోవాల్సిందే, చేసుకోవడం లేదు. దసరాకి మేము లేత్‌లకీ గేజిలకీ కుంకుమ పెట్టేటప్పుడు అతను పక్కనే నిలబడతాడు.

ఇప్పుడు మా ఇంట్లో ఉండి చదువుకుంటున్న అక్క కొడుకు పది మీటర్ల ఎయిర్ రైఫిల్ మొదలుపెట్టాడు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో మన హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ కంచు గెలిచింది అందులోనే. దాని టార్గెట్‌లో పది మార్కుల చుక్క వెడల్పు అర మిల్లీమీటరు. సీసపు పెల్లెట్ అర గ్రాము పైచిలుకు, ఎనిమిది గ్రెయిన్లు. వీడు ఒక శనివారం వంటింటి బల్ల మీద డిజిటల్ కాటా పెట్టుకుని వాటిని బరువు ప్రకారం వేరుచేస్తుంటే, మోకాళ్ల వైద్యానికని వచ్చి ఉన్న నాన్న కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు.

"ఆ బిళ్లలు తీసుకురా" అన్నాడు నాతో. తన చెక్కపెట్టెలోంచి చిన్న త్రాసు తీశాడు, శ్రావణం తీశాడు, ఒక పాత తగరపు డబ్బా తీశాడు. డబ్బా నిండా గురివింద గింజలు. నేను లెక్క చెప్పాను, పదహారు గింజలు ముప్పై గ్రెయిన్లు కావాలని. ఎడమ తట్టలో 20, 10 బిళ్లలు పెట్టాడు. కుడి తట్టలో శ్రావణంతో ఒక్కో గింజ లెక్కపెడుతూ వేశాడు. పదహారోది పడ్డాక ముల్లు అటూ ఇటూ ఊగుతూనే ఉంది.

"ముందు ఆ ఫ్యాను ఆపండ్రా" అన్నాడు నాన్న.

వాడు లేచి ఆపాడు. ముల్లు నిలబడింది, గింజల వైపు ఒక్క పిసరు తేలిక. నాన్న గింజల్ని ఒక్కొక్కటే దీపానికి పెట్టి చూసి, ముడతపడిన ఒకదాన్ని తీసి పక్కన పెట్టి, నిండుగా ఉన్న ఇంకోటి వేశాడు. మట్టం అయింది. "ఎండిపోయిన గింజ, తూకానికి పనికిరాదు" అని మేనల్లుడి వైపు తిరిగి, "ఏదీ, ఇప్పుడు నీ సీసం ఇటివ్వు" అన్నాడు. చెమటలు కారుతున్నా రాత్రి పది దాకా ఎవరూ ఫ్యాను వెయ్యలేదు.