ఎల్లుండికి ఇస్తానని చెప్పలేను

పొద్దున్న నాలుగున్నరకే లేస్తాను. కుండ దగ్గర కూర్చునేది మాత్రం ఆరు దాటాకే. ఆ మధ్య గంటన్నరా వేళ్ళను బతిమాలుకోవడానికే సరిపోతుంది. గోరువెచ్చని నీళ్ళ గిన్నెలో చేతులు పెట్టి కూర్చుంటాను. పాల ప్యాకెట్ మూల పళ్ళతో చింపుతాను. మా అత్తయ్య చూసీ చూడనట్టు ఊరుకుంటుంది.

మాది ఆత్రేయపురం దగ్గర ఊరు. పెళ్ళయి వచ్చిన ఏడాదే పూతరేకులకి రేకులు తీయడం నేర్చుకున్నాను. బోర్లించిన కుండ, లోపల కొబ్బరాకుల మంట. నానబెట్టిన జయ బియ్యం రుబ్బి, పల్చగా కలిపి, అందులో గుడ్డ ముంచి కుండ మీద పరిచి లాగితే రేకు. చెప్పడానికి అంతే. ఆ తడిగుడ్డ రెండు మూలల్నీ రెండు చేతుల బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒకే బిగువున పట్టాలి. ఎడమ చెయ్యి కాస్త సడలిందా, ఆ పక్క మందంగా పడుతుంది. మందం రేకు నోట్లో కరగదు, పంటికి తగులుతుంది. నాకు సరిగ్గా ఆ వేళ్ళ మొదళ్ళే వాచాయి, రెండు చేతులకీ.

మొదట్లో అందరూ కుండ సెగ అన్నారు. రాజమండ్రిలో రక్తపరీక్షలు చేయించాక రుమటాయిడ్ కీళ్ళవాతం అని తేలింది. ఒంటిని కాపాడాల్సిన శక్తే కీళ్ళ మీద పడుతుందట. వారానికి ఒక్కరోజే వేసుకోవాల్సిన మాత్ర ఇచ్చారు. రోజూ వేసుకుంటే ప్రమాదమని డాక్టరుగారు రెండుసార్లు చెప్పి, చీటీ మీద గీత కూడా గీశారు. మర్నాడంతా వికారంగా ఉంటుంది. ఆదివారం పెట్టుకున్నాను, శనివారం వాడపల్లి వెంకన్న గుడికి వెళ్ళాలి కదా. ఏడు శనివారాల మొక్కు ఇప్పటికి మూడుసార్లు మొదలుపెట్టాను. ఒకసారి ఐదో వారం దాకా వెళ్ళాను. స్వామి ఏమీ అనుకోడులెండి, లెక్క తప్పితే నాకే మనసొప్పదు.

2023లో మా పూతరేకులకి భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు సొంతంగా అమ్మాలని ఆశ పుట్టింది. డబ్బాలకి స్టిక్కర్లు కొట్టించాను. ఆ కట్ట ఇంకా బీరువా మీదే ఉంది.

"ఆయ్, ఎల్లుండికి రెండొందలు అయిపోతాయాండి?" అని ఫోన్లో అడుగుతారు. నొప్పికంటే ఆ మాటకే నాకు టెన్షన్. ఇవాళ నూటయాభై తీసిన చెయ్యి రేపు పాపకి జడ వేయలేకపోవచ్చు. బయటికేమో ఏమీ కనిపించదు. పోయిన మాఘంలో ఒక పెళ్ళి సారెకి ఒప్పుకుని, ముందురోజు వేళ్ళు ముడుచుకోక, పక్కింటివాళ్ళ దగ్గర ఎక్కువ ధరకి కొని ఇచ్చాను. చాలా బాగున్నాయని మెచ్చుకున్నారు. రెండు రోజులు నాకు అన్నం సయించలేదు.

ఇప్పుడు తేదీ చెప్పడం మానేశాను. "అయ్యాక నేనే ఫోన్ చేస్తానండి" అంటాను. చాలామంది పెట్టేస్తారు. కాకినాడలో ఒకావిడ మాత్రం "సరేనమ్మా, నీ వీలు" అంది. నిన్న ఆవిడకి ఫోన్ చేశాను, యాభై ఉన్నాయని. పాప బడి నుంచి రాగానే డబ్బా మూత బిగించి పెట్టమనాలి, సాయంత్రం బస్సుకి వేయాలి.