జొన్నగిరి చేలల్లో
నిన్న కర్నూలు జిల్లా తుగ్గలి వైపు పనిమీద వెళ్లి, జొన్నగిరి చేలల్లో కాసేపు ఆగాను. తొలకరి పడితే చాలు, ఇక్కడ జనం వజ్రాల కోసం తల వంచుకుని తిరుగుతుంటారు. నా ధ్యాస మాత్రం బంగారం మీదే. ఒక తెల్లటి పలుగురాయి ముక్క తీసి అటూ ఇటూ తిప్పాను. ఏమీ మెరవలేదు! మెరవదు కూడా. టన్ను రాయి పిండి చేస్తే దొరికేది రెండు గ్రాముల లోపే. సుమారు 250 కోట్ల ఏళ్ల కిందట రాతి పగుళ్లలోకి ఎక్కిన వేడినీళ్లు వదిలిపోయిన పసిడి అది. పాతకాలం వాళ్లు తవ్విన గుంతలు ఇక్కడ ఉన్నాయి, తర్వాత భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ (జీఎస్ఐ) వాళ్లూ వెతికారు. అన్నట్టు, దగ్గర్లోని ఎర్రగుడి అశోకుడి శాసనాలను 1929లో వెలుగులోకి తెచ్చింది కూడా ఒక భూగర్భ శాస్త్రవేత్తే! అశోకుడి నాటి దక్షిణాది రాజధాని సువర్ణగిరి ఈ జొన్నగిరేనని కొందరి వాదన. నాకైతే నచ్చింది.

రాయి ముక్క జేబులో వేసుకున్నా. ఇంట్లో తిట్లు ఖాయం.