బోర్డు అనే ఒక్క మాట పట్టుకుంటే

బ్యాంకు, స్టాఫ్ సెలక్షన్ కమిషన్ (ఎస్సెస్సీ) ఉద్యోగ పరీక్షలకు చదువుతున్న మిత్రులకు, ముఖ్యంగా తెలుగు మీడియం నుంచి వచ్చి ఇంగ్లీషు విభాగం అంటే బెదిరేవారికి ఇది రాస్తున్నాను. బ్యాంకు పరీక్షల్లో ఒకే పదాన్ని వేర్వేరు వాక్యాల్లో పెట్టి, ఎక్కడెక్కడ సరిగ్గా వాడారో చెప్పమంటారు. ఐబీపీఎస్ జరిపే బ్యాంకు పరీక్షల్లో తప్పు జవాబుకు పావు మార్కు కోత కూడా ఉంది. పదానికి ఒక అర్థం చొప్పున బట్టీ పట్టినవారు అక్కడే చిక్కుకుంటారు.

నేను జాబితాలు పక్కన పెట్టి ఒక్కో పదాన్ని కుటుంబంతో సహా చదివాను. ఆ ఆలోచన పుట్టించింది తిరుపతి వీధులే. ఊళ్లో పాత హోటళ్ల మీద ‘బోర్డింగ్ అండ్ లాడ్జింగ్’ అని రాసి ఉంటుంది. రేణిగుంట విమానాశ్రయంలో బోర్డింగ్ పాస్ ఇస్తారు. ఆలయ వ్యవహారాలు చూసేది టీటీడీ బోర్డు. బస్సు ఎక్కే ముందు మనం చదివేదీ బోర్డే. వీటి మధ్య చుట్టరికం ఏమిటి?

ప్రాచీన ఆంగ్లంలో బోర్డ్ అంటే చెక్కపలక. దానికి కాళ్లు పెడితే భోజనాల బల్ల. ఆ బల్ల మీద వడ్డించే తిండికీ అదే పేరు స్థిరపడింది. హోటల్ బోర్డింగ్ అంటే భోజన వసతి. బోర్డింగ్ స్కూల్ కూడా అక్కడినుంచి వచ్చిందే. బల్ల చుట్టూ కూర్చుని నిర్ణయాలు తీసుకునేవారు కంపెనీ బోర్డు, రైల్వే బోర్డు, మన ధర్మకర్తల మండలి. ఓడ పక్కభాగాన్నీ బోర్డ్ అనేవారు కాబట్టి ఓడ ఎక్కడం, తర్వాత రైలు, విమానం ఎక్కడం కూడా అదే క్రియ అయింది. పలకనూ మేజానూ కూడా బల్ల అనే మనకు ఇది అర్థం కావడం కష్టమేమీ కాదు.

సమాసాలు ఇంకా రుచిగా ఉంటాయి. డాష్‌బోర్డ్ మొదట గుర్రపు బండి ముందుభాగంలో, గిట్టలు చిమ్మే బురద మీద పడకుండా బిగించిన పలక. కబ్బర్డ్ మొదట కప్పులు పేర్చే బల్ల. స్పెల్లింగులో పలకని ‘పి’ ఎందుకుందో ఇక మరచిపోలేరు. పాత ఓడలకు చుక్కాని తెడ్డు కుడివైపు ఉండేది, అందుకే ఓడ నడపడం అనే ‘స్టీర్’ మాటతో కుడిపక్క స్టార్‌బోర్డ్ అయింది. ఎడమపక్కను లార్‌బోర్డ్ అనేవారు. రెండు మాటలూ వినడానికి ఒకేలా ఉండి ప్రమాదకరం కావడంతో 1844లో బ్రిటిష్ నౌకాదళం ఎడమవైపుకు ‘పోర్ట్’ అనే మాటనే ఖాయం చేసింది.

ఇంతవరకు వస్తే జాతీయాలు వాటంతటవే విడిపోతాయి. పేకాటలో చేతులు బల్ల పైనే కనిపిస్తే మోసం లేనట్టు, కాబట్టి ‘అబవ్ బోర్డ్’ అంటే నిజాయతీగా. ‘ఓవర్‌బోర్డ్’ వెళ్లడం ఓడ అంచు దాటి పడిపోవడం, అంటే మితిమీరడం. ‘అక్రాస్ ద బోర్డ్’ అంటే అందరికీ ఒకేలా. జీతాల పెంపు వార్తల్లో తరచూ కనిపిస్తుంది.

అయితే ఈ పద్ధతి అన్నిచోట్లా పనిచేయదు. చెట్టు బెరడుకూ కుక్క మొరుగుకూ బార్క్ అనే అంటారు, కానీ అవి పుట్టుకలోనే వేర్వేరు మాటలు, విడిగానే గుర్తుంచుకోండి. ‘సెట్’ జోలికి మొదట్లోనే వెళ్లవద్దు. 1989 నాటి ఆక్స్‌ఫర్డ్ మహానిఘంటువు రెండో కూర్పులో అన్నిటికన్నా పొడవైన పద వివరణ దానిదే. ముందుగా హెడ్, హ్యాండ్, హౌస్, లైన్ తీసుకోండి. అర్థానికొక వాక్యం, అదీ మీరు ఆరోజు పత్రికలో చదివినదే, నోట్‌బుక్‌లో రాసుకోండి.