కాలి మంటకి మందు, ముందు కిడ్నీ పరీక్ష

"నడుం బాగుంది బాబూ, కాలే మండిపోతంది." నడుం ఆపరేషన్ అయిన పెద్దాయన, ఊరు శ్రీకాకుళం జిల్లా కవిటి వైపు. ఈరోజు ఆయన సంచిలో నరాల మంటకి ఇచ్చే ప్రీగాబాలిన్ 75, నొప్పి మాత్ర డైక్లోఫెనాక్ ఉన్నాయి. కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే క్రియాటినిన్ పరీక్ష కాగితం లేదు.

కవిటి ఉన్నది కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానంలో, అక్కడ ఇది వదిలేసే విషయం కాదు. ప్రీగాబాలిన్ దాదాపు అంతా మూత్రంలోనే బయటికి పోతుంది. కిడ్నీ నెమ్మదిస్తే మందు ఒంట్లో పేరుకుని మత్తు, తూలుడు, పడిపోవడం. అందుకే కిడ్నీని బట్టి డాక్టరు డోసు తగ్గించి రాయాలి. డైక్లోఫెనాక్ నరాల మంటకి పెద్దగా పనిచెయ్యదు, పైగా పాడవుతున్న కిడ్నీని ఇంకా దెబ్బతీస్తుంది.

గుణం లేదని ప్రీగాబాలిన్‌ని చాలామంది నాలుగు రోజులకే మానేస్తారు. పాపం, మంట అలాంటిది. కానీ డోసు మెల్లగా పెంచుకుంటూ కొన్ని వారాలు చూడాలి. మానాలన్నా కనీసం వారం పాటు తగ్గించుకుంటూ రావాలి. ఒక్కసారిగా ఆపితే నిద్ర పట్టదు, చెమటలు, గాభరా.

మూత్రం బిగిసిపోయినా, తెలియకుండా పోతున్నా, మలద్వారం చుట్టూ మొద్దుబారినా, పాదం పైకి లేవకపోయినా మాత్రలతో చూద్దామనుకోవద్దు, దయచేసి. తెల్లారేదాకా కూడా ఆగొద్దు. ఎంఆర్ఐ, వెన్ను సర్జన్ ఉన్న పెద్దాసుపత్రికి ఆ రాత్రే బయల్దేరండి.