పెద్ద డాలరు వెంట బాల్టిమోర్, పొటోమాక్

వాషింగ్టన్ నుంచి బాల్టిమోర్‌కి శుక్రవారమే వెళ్లాను. నాణేల ప్రదర్శన జరిగే కన్వెన్షన్ సెంటర్‌కి దగ్గర్లో దింపే కామ్డెన్ లైను రైలు శని, ఆదివారాల్లో నడవదు.

చూడాలనుకున్నది 1896 నాటి ఒక డాలరు సిల్వర్ సర్టిఫికెట్, అంటే వెండి పూచీతో అమెరికా ప్రభుత్వం ఇచ్చిన కాగితపు నోటు. పొడవు దాదాపు 188 మిల్లీమీటర్లు, వెడల్పు 79. 2016లో రద్దయిన మన వెయ్యి నోటు పొడవు కూడా 177 మిల్లీమీటర్లే. అక్కడివాళ్లు ఈ పాత పెద్ద డాలరు నోట్లని ముద్దుగా ‘గుర్రపు దుప్పట్లు’ అంటారు. ఖర్చు తగ్గించుకోవడానికి 1929లో 156 × 66కి కుదించారు. పాత షీటులో 8 నోట్లు పడితే, కొత్త షీటులో 12 పట్టాయి.

కొనేవాళ్లు ముందు నోటు వెనక దీపం పెట్టి చూడాలి. గుండుసూది గుచ్చిన బెజ్జాలు మామూలు కంటికి దొరకవు. తర్వాత వెలుతురు ఏటవాలుగా పడేలా పట్టుకోవాలి. చెక్కిన ప్లేటు గీతల్లో సిరా నింపి, తడి కాగితాన్ని బలంగా అదిమి అచ్చువేశారు కాబట్టి గీతలు కాస్త ఉబ్బెత్తుగా ఉండాలి. మడతలు పోవాలని నొక్కి సాపు చేసిన నోటులో ఆ ఉబ్బు అణగిపోతుంది. మడత మాయమైనా, అక్కడ సిరా రాలిన తెల్లగీత మిగులుతుంది. నాలుగు అంచులూ పోల్చాలి: ఒక వైపు ఖాళీ మరీ సన్నగా ఉంటే చిరుగు దాచడానికి కత్తిరించారేమోనని అనుమానించాలి. ఒక బల్ల దగ్గర మెత్తటి పీవీసీ కవరులో ఇవ్వబోయారు. అది కాలక్రమేణా జిగురెక్కి నోటుని పాడుచేస్తుంది. మైలార్ అనే పాలియెస్టర్ కవరే అడగాలి.

నోటు మీది బొమ్మ గీసింది విల్ హెచ్. లో అనే చిత్రకారుడు. చరిత్ర అనే స్త్రీ ఒక కుర్రాడికి ఏదో చూపిస్తుంటుంది, పక్కన అమెరికా రాజ్యాంగంలోని వాక్యాలు. అంచు చుట్టూ దండల్లో 23 మంది ప్రముఖ అమెరికన్ల పేర్లు. భూతద్దం లేకుండా చదవాలంటే కళ్లు నొప్పెడతాయి. ఇంత కిక్కిరిసిన గీతల అచ్చు బ్యాంకు గుమాస్తాలకి నచ్చలేదు. 1899లో వచ్చిన డేగ బొమ్మ నోటు దీని చోటు తీసుకుంది. అందంలో దీనికది సాటి రాదని నా లెక్క.

నోటులో స్త్రీ వెనక పొటోమాక్ నది, ఆవల వాషింగ్టన్ స్తంభం, అమెరికా పార్లమెంటు భవనమైన కేపిటల్ గుమ్మటం. మర్నాడు నదికి వర్జీనియా వైపున్న రోస్లిన్ మెట్రోలో దిగి, నెదర్లాండ్స్ గంటల గోపురం దాకా నడిచాను. అక్కణ్ణుంచి స్తంభం, గుమ్మటం రెండూ ఒకే వరుసలో కనిపిస్తాయి. వాటికి ముందున్న లింకన్ స్మారకం మాత్రం నోటులో ఉండదు, అది పూర్తయింది 1922లో. లింకన్ పేరు మాత్రం అంచు దండల్లో అప్పటికే ఉంది.