తిత్తికి చిల్లు

మా ఆవిడ లెక్కపెట్టింది. ముప్పై ఏడు కిక్కులు. "ఇన్ని తొక్కుళ్లు సైకిల్ మీద తొక్కుంటే ఈపాటికి నందికొట్కూరు చేరుకునేవాళ్లు" అని తలుపేసుకుని లోపలికి పోయింది. ముప్పై ఎనిమిదో కిక్కుకు బండి లేచింది. అప్పటికి నా మోకాలు పని అయిపోయింది.

నాకు కర్నూల్లో ఒక జిరాక్స్ షాపు ఉంది. వారమంతా కాగితాల మధ్య బతుకు. ఆదివారం పొద్దున మాత్రం జగన్నాథగట్టు వెనక రాళ్ల బాటల్లో బండి తోలుతాను. బండి 2001 మోడల్ యమహా ఆర్ఎక్స్ 135. ఐదేళ్ల కింద ఆదోనిలో ఒకాయన దగ్గర కొన్నాను. అప్పటికే ఆయన దాన్ని డర్ట్ బైక్ చేసిపెట్టాడు. వెడల్పు హ్యాండిలు, ఎత్తుగా ముందు మడ్‌గార్డు, రెండు చక్రాలకూ బటన్ టైర్లు. ఆయిల్ పంపు పీకేసి, పెట్రోల్లోనే టూటీ ఆయిల్ (టూ స్ట్రోక్ ఇంజిన్లకు వాడే ఆయిల్) కలుపుకునేటట్టు మార్చాడు. కంపెనీ నుంచే డర్ట్ బైకుగా వచ్చేవాటిని కొనే స్తోమత నాకు లేదు. ఉన్నా, ఈ టూ స్ట్రోక్ పొగ వాసన వదులుకోలేను.

దీంతో వచ్చిన తంటా ఒకటే. లేస్తే గుర్రం, లేవకుంటే గుదిబండ. ఒకసారి అందుకుంటే గట్టు ఎక్కేదాకా ఎక్కడా తడబడదు, మిస్సింగ్ లేదు, పికప్‌కు వంక పెట్టలేం. స్టార్ట్ చేయడం మాత్రం నరకం. ఎవరికి చెప్పినా "ఇంత బాగా పోతోంది కదా, ఇంజిన్‌కేం రోగం?" అనేవాళ్లు. నాకూ అదే అర్థమయ్యేది కాదు.

అందరూ చేసేవే నేనూ చేశాను. కొత్త ప్లగ్గు వేశాను. పాత ప్లగ్గు తీసి హెడ్‌కు ఆనించి, నీడలో కిక్కు కొట్టి చూస్తే నిప్పురవ్వ నీలంగా, గట్టిగానే ఉంది. ఎండలో ఈ పరీక్ష చేయకండి, మంచి స్పార్కు కూడా కనపడదు, అనవసరంగా కాయిల్ కొంటారు. ప్లగ్గు కొసల మధ్య గ్యాప్ చూడటానికి నా దగ్గర ఫీలర్ గేజ్ (సందు కొలిచే రేకులు) లేదు. కానీ షాపులో కాగితాలకు కొదవా? మామూలు ఏ4 కాగితం మందం సుమారు 0.1 మిల్లీమీటరు. ఆరు కాగితాలు బిగించి పట్టుకుంటే 0.6. ప్లగ్గు గ్యాప్‌కు అది చాలు.

తర్వాత ఒక వర్క్‌షాపులో బోరు, పిస్టన్ రింగులు అరిగాయన్నారు. చేయించాను. డబ్బులు పోయాయి, వెయ్యి కిలోమీటర్లు మెల్లగా తోలి రన్నింగ్‌లో పెట్టాను, కిక్కులు మాత్రం ఒక్కటీ తగ్గలేదు.

ఇందులో నా తప్పులూ ఉన్నాయి, దాచుకోను. మొదటిది ఆయిల్. బండి మీద ప్రేమ ఎక్కువై లీటరుకు యాభై మిల్లీలీటర్లు పోసేవాణ్ణి. ప్లగ్గు నల్లగా, జిడ్డుగా తయారయ్యేది, జిడ్డు ప్లగ్గు తొందరగా అందుకోదు. ఇప్పుడు ముప్పైకి మించి పోయను. రెండోది ఎండాకాలం. ఏప్రిల్, మే నెలల్లో కర్నూలు ఎండకు భయపడి బండిని మూలన పెట్టాను, కార్బురేటర్లో పెట్రోలు అట్లాగే వదిలేశాను. ఇప్పుడు మనకు పోసే పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. దానికి గాలిలో తేమ పీల్చుకునే గుణం ఉంది. నెలల తరబడి నిలబెడితే పైపైన ఆవిరైపోయి, బౌల్ (కార్బురేటర్లో పెట్రోలు నిలిచే గిన్నె) అడుగున జిగురు మిగులుతుంది. ఆ జిగురు ముందు మూసేది పైలట్ జెట్టునే. స్టార్ట్ అయ్యేటప్పుడు, ఐడ్లింగ్‌లో ఉన్నప్పుడు ఇంజిన్‌కు తిండి పెట్టేది ముఖ్యంగా ఆ వెంట్రుకంత రంధ్రమే. ఊడదీసి, క్లీనర్ కొట్టి, వెలుగుకు పెట్టి చూశాను, అవతల సన్నగా చుక్కంత వెలుతురు కనపడింది. సూది పెట్టి పొడవద్దు, రంధ్రం పెద్దదైతే ఇంకో రోగం. కరెంటు వైరులోని సన్న రాగి పోగు ఒకటి చాలు. ఇప్పుడు రెండు వారాలు తోలనని తెలిస్తే పెట్రోలు కాక్ కట్టేసి, బౌల్ ఖాళీ అయ్యేదాకా ఇంజిన్ నడిపి ఆపుతాను.

ఇంత చేస్తే ముప్పై కిక్కులు ఇరవై అయ్యాయి. అంతే.

గుట్టు తెలిసింది గట్టు మీదనే. ఒక ఆదివారం మలుపులో పడ్డాను, బండి పక్కకు ఒరిగి ఆగిపోయింది, ఎంత కొట్టినా లేవలేదు. అక్కడ గొర్రెలు మేపుకునే ఒక పెద్దాయన ఉన్నాడు. "ఏమప్పా, దానికి ప్రాణం పోయిందా?" అని కర్ర పక్కన పెట్టి వచ్చి తోశాడు. వాలులో రెండో గేరులో క్లచ్ వదిలానో లేదో, పట్టుమని అందుకుంది. ఆయనకు టీ తాగించాను. ఆ తర్వాత రెండు మూడు ఆదివారాలు అదే కథ. నేను కిక్కు కొట్టడం, ఆయన నవ్వుతూ రావడం, తోస్తే లేవడం, టీ.

కాలితో కొడితే లేవనిది, తోస్తే ఒక్క దెబ్బకు ఎందుకు లేస్తోంది? ఈ మాట పట్టుకుని పాతబస్తీలో ఒక ముసలి మెకానిక్ దగ్గరకు పోయాను. అందరూ చాచా అంటారు. టూ స్ట్రోక్ బండ్లు తప్ప ముట్టుకోడు. నేను చెప్పిందంతా విని ఎయిర్ ఫిల్టర్ తీయమన్నాడు. లోపలి స్పాంజి కార్బురేటర్ వైపు తడిగా ఉంది, పిండితే ఆయిల్ కలిసిన పెట్రోలు.

"పెట్రోల్ లోపలికి పోవాలి. ఇది వెనక్కి ఉమ్ముతోంది. రీడ్ చూడు బేటా."

మా అమ్మమ్మ ఊరు కోడుమూరు దగ్గర. చిన్నప్పుడు అక్కడ కమ్మరి కొట్టంలో తిత్తి ఊదడానికి ఎగబడేవాళ్లం. తిత్తి పైకి ఎత్తితే అడుగున తోలు రేకు తెరుచుకుని గాలి లోపలికి వస్తుంది. కిందికి నొక్కితే ఆ రేకు మూసుకుని గాలి కొలిమిలోకి పోతుంది. టూ స్ట్రోక్ ఇంజిన్ అడుగు భాగం సరిగ్గా అదే తిత్తి. పిస్టన్ పైకి పోతే కింద క్రాంక్ కేసులో ఖాళీ ఏర్పడి, రీడ్ రేకులు తెరుచుకుని పెట్రోలు గాలి లోపలికి వస్తాయి. పిస్టన్ కిందికి దిగితే రేకులు మూసుకుని, ఆ మిశ్రమం పక్క దారుల గుండా పిస్టన్ పైకి ఎక్కుతుంది. రేకు సరిగ్గా మూయకపోతే? సగం వెనక్కి, కార్బురేటర్లోకే పోతుంది.

ఇంజిన్ వేగంగా తిరిగేటప్పుడు ఈ చిన్న సందు లెక్కలోకి రాదు. వెనక్కి కారడానికి సమయమే ఉండదు. కిక్కు కొట్టినప్పుడు ఇంజిన్ తిరిగేది చాలా నిదానం, అప్పుడు ఆ సందులోంచే ఊపిరంతా పోతుంది. వాలులో తోస్తే కాలి కన్నా వేగంగా తిరుగుతుంది, అందుకే లేస్తోంది. ఇంత కాలం నేను "లేచాక బాగుంది కదా" అనే మాట నమ్మి, ఆ మాటే జవాబని గుర్తుపట్టలేకపోయాను.

కార్బురేటర్‌కూ బ్యారెల్‌కూ మధ్య ఉన్న రీడ్ బ్లాక్ విప్పి వెలుగుకు పెట్టి చూశాం. ఒక వైపు రేకుల కొసలు పైకి లేచి ఉన్నాయి. ఇరవై ఏళ్లు దాటిన రేకులు మరి, వాటినేం అంటాం. నేను జేబులోంచి కాగితం ముక్క తీసి కొస కింద దూర్చాను. అడ్డం లేకుండా జారిపోయింది. చాచా నన్ను వింతగా చూసి, ఆ ముక్క అడిగి తీసుకుని జేబులో పెట్టుకున్నాడు.

కొత్త రేకులు వేశాక కిక్కులు ఎనిమిది, తొమ్మిదికి వచ్చాయి. ఇంకా ఎక్కువే. తిత్తికి ఇంకెక్కడైనా చిల్లు ఉందేమో, క్రాంక్ సీళ్లు (క్రాంక్ కేసు రెండు వైపులా గాలి కారకుండా ఆపే రబ్బరు రింగులు) పోయాయేమో అన్నాను. మాగ్నెట్ వైపు సీలు పోతే యాక్సిలరేటర్ వదిలినా ఇంజిన్ వెంటనే దిగదు, గీ మని కాసేపు తిరుగుతూనే ఉంటుంది. క్లచ్ వైపుది పోతే గేర్ ఆయిల్ తాగి తెల్ల పొగ వదులుతుంది, ఆయిల్ తగ్గుతుంది. నా బండికి రెండూ లేవు. చాచా "స్టార్ట్ చెయ్, చూస్తా" అన్నాడు. చోక్ ఎత్తి, అలవాటు ప్రకారం యాక్సిలరేటర్ తిప్పుతూ కిక్కు కొట్టాను. ఆయన వచ్చి నా కుడిచెయ్యి పట్టుకున్నాడు.

"చెయ్యి తియ్. చోక్ ఎత్తి రేస్ ఇస్తే చోక్ లేనట్టే."

ఐదేళ్లుగా నేను చేస్తున్న పాపం ఇది. ఈ కార్బురేటర్లో చోక్ అంటే గాలిని మూసే తలుపు కాదు. పెట్రోలు అదనంగా వచ్చే చిన్న పక్కదారి. పెద్ద గాలి దారికి అడ్డంగా ఉండే స్లైడు కిందికి దిగి ఉంటేనే ఆ దారిలో పీల్పు పుడుతుంది. యాక్సిలరేటర్ తిప్పి స్లైడు లేపితే గాలి పెద్ద దారిన పోతుంది, చోక్ దారి పడుకుంటుంది.

అప్పటినుంచి నా పద్ధతి ఇది. కీ ఆఫ్‌లో ఉంచి, చోక్ ఎత్తి రెండు మూడు సార్లు మెల్లగా కిక్కు నొక్కుతాను, లోపల తడవడానికి. కీ ఆన్ చేసి, కిక్కు బరువు తగిలేదాకా నొక్కి, ఆ బరువు ఇట్లా దాటగానే ఆపి, కాడను పైకి రానిచ్చి, అప్పుడు పైనుంచి కింది దాకా ఒకే ఊపు. కుడిచేయి హ్యాండిల్ మీద ఊరికే ఉంటుంది. మొదటి కిక్కు, లేదంటే రెండోది. వేడి మీద ఉంటే చోక్ జోలికి పోను. కింద పడి పెట్రోలు ముక్కుదాకా నిండితే పద్ధతి పూర్తిగా తిరగబడుతుంది: కాక్ కట్టేసి, చోక్ దించి, యాక్సిలరేటర్ పూర్తిగా తెరిచి దగ్గు వచ్చేదాకా కొట్టడమే. అప్పటికీ లేవకుంటే ప్లగ్గు విప్పి తుడిచి, దాన్ని క్యాప్‌లోనే ఉంచి హెడ్‌కు ఆనించి, కీ ఆఫ్ చేసి పది కిక్కులు. ప్లగ్గును గాల్లో వేలాడదీసి కొడితే సీడీఐకి (స్పార్కును నడిపే ఎలక్ట్రానిక్ డబ్బాకు) మంచిది కాదు.

పోయిన ఆదివారం అదే మలుపులో మళ్లీ పడ్డాను. బండి ఆగిపోయింది. గొర్రెల పెద్దాయన దూరం నుంచే చూసి, కర్ర రాయికి ఆనించి బయల్దేరాడు. నేను కాక్ కట్టి, యాక్సిలరేటర్ తెరిచి నాలుగు కిక్కులు కొట్టాను. నాలుగోదానికి ఒక దగ్గు దగ్గి, పొగ వదిలి లేచింది. ఆయన సగం దారిలో ఆగిపోయాడు.

"ఈపొద్దు తొయ్యాల్సిన పని లేదా?"

"లేదు పెద్దాయనా."

"అయితే టీ?"

ఎక్కించుకుని రోడ్డు మీది టీ కొట్టు దాకా తీసుకుపోయాను.